రాయి వేయని చేతులు

“నేను వ్రాయలేదండీ! నాకు వచ్చినదానిని మరియొకరికి పంపితిని, అంతే.”

పిల్లల తగవు విచారింపబడు చోట ఈ మాట నేడు తరచుగా వినబడుచున్నది. పిల్లలే కాదు, పెద్దలును ఇదే మాట చెప్పుకొని తమ మనస్సును నెమ్మదిపరచుకొనుచున్నారు. ఎవరి గూర్చియో ఒక హేళన ఫోనులోనికి వచ్చును. చూతుము, నవ్వుదుము, మరియొకరికి పంపుదుము. పిమ్మట ఆ హేళనకు గురియైన బిడ్డ కుమిలిపోయినదని వినినప్పుడు, దానిని పుట్టించినది మనము కాదు గనుక మనకు దోషము లేదందుము. ప్రియ చదువరీ, ఈ మాట దేవుని యెదుట నిలుచునా? ఈ నెల మనము కలిసి విచారింపవలసిన ప్రశ్న ఇదియే.

కృష్ణపట్నము మొదలుకొని మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నెల మీదుగా రామాయపట్నము వరకు మన నెల్లూరు తీరమును చూడుడి. వలలు లాగు పాళెములలోను, వరి పండు పల్లెలలోను, రొయ్యల గుంటల కట్టల మీదను నేడు సెల్‌ఫోను లేని యిల్లు అరుదు. 2016 తరువాత ఇంటర్నెట్టు చవుకయైనది. 2020, 2021 సంవత్సరములలో కరోనా వలన బడులు మూతపడి పాఠములు ఫోనులోనికి వచ్చినప్పుడు, అప్పుచేసి బిడ్డ చేతికి ఫోను కొని యిచ్చిన తలిదండ్రులు ఎందరో. ఆ ఫోను వలన మేలును కలిగెను. తుపాను హెచ్చరిక వేటకు పోవువానికి ముందుగా తెలియుచున్నది. కువైటునకు పనికి పోయిన తల్లి ముఖమును బిడ్డ ప్రతి రాత్రి చూడగలుగుచున్నది. మంచముపట్టిన వృద్ధులు ఆరాధనను ఇంటనుండియే వినుచున్నారు. కాబట్టి ఫోను పాపమని నేను చెప్పబోవుట లేదు. కత్తితో కూర తరుగుదుము, అదే కత్తితో గాయపరచుదుము. విచారింపవలసినది చేతిని గూర్చియే.

ఆ చేతులు చేయుచున్నదేమి? ఒక బాలిక నల్లగా నున్నదని ఆమె ఫోటో క్రింద ఒక జంతువు బొమ్మను అతికించుదురు. ఒక బాలునికి నత్తి యుండగా, అతడు తరగతిలో పద్యము అప్పగించుచున్నప్పుడు రహస్యముగా వీడియో తీసి గ్రూపులో పెట్టుదురు. స్నేహముగా నున్న దినములలో నమ్మి యిచ్చిన ఫోటోను స్నేహము చెడిన పిమ్మట పదిమందికి పంపుదురు. ఇప్పుడు ఒకరి ముఖమును వేరొకరి దేహమునకు అతికించు యంత్రములు కూడ పిల్లల చేతికి వచ్చినవి. ఆమె చేయనిదానిని చేసినట్లు చూపుట వానికి క్షణములో పని. పేరు మార్చుకొని, ముఖము దాచుకొని, ఇన్‌స్టాగ్రామ్‌లో దొంగ ఖాతా తెరచి రాత్రియంతయు తిట్టువారును కలరు.

ఎగతాళి క్రొత్తది కాదు. అయితే పూర్వము వీధి కొళాయి యొద్ద పుట్టిన మాట చీకటి పడునప్పటికి అలసిపోవుచుండెను. బడిలో ఏడిపింపబడిన పిల్లవాడు ఇల్లు చేరి తల్లి కొంగు క్రింద దాగుచుండెను. ఆ కొంగు వానికి ఆశ్రయపురముగా నుండెను. నేడు ఆ ఎగతాళి వాని జేబులో కూర్చుండి యింటికి వచ్చుచున్నది. అన్నము తినుచుండగా మ్రోగును. దిండు క్రింద మ్రోగును. తుడిచివేసితిమనుకొనినది వేరొకరి ఫోనులో మిగిలియుండును. ఆశ్రయపురము లేనివాని భయము ఎట్టిదో పెద్దలమైన మనము ఊహింపవలెను.

ఒక తరగతిలో నలువదిమంది పిల్లలున్నారనుకొనుడి. ఒకడు ఒక బాలికను గూర్చి చెడుమాట వ్రాసి ఆ తరగతి గ్రూపులో పెట్టెను. ముగ్గురు నవ్వు బొమ్మలు పెట్టిరి. ఇద్దరు వేరే గ్రూపులకు పంపిరి. మిగిలినవారు చూచి ఊరకుండిరి. మరునాడు ఆ బాలిక బడి గుమ్మములో అడుగుపెట్టినప్పుడు ఎవరికి భయపడును? వ్రాసినవానికి ఒక్కనికేనా? కాదు. తనను చూచుచున్న కన్నులన్నిటికిని భయపడును. ఊరకున్నవారు తన పక్షమున నున్నారో, వాని పక్షమున నున్నారో ఆమెకెట్లు తెలియును? మౌనమునకు ముఖము లేదు గనుక ఆమె దానికి పగవాని ముఖమునే తగిలించును.

వల అల్లువారికి ఒక సంగతి బాగుగా తెలియును. వలలో ముడికిని ముడికిని నడుమనున్న సందును మనము కన్ను అందుము. ఏ ఒక్క కన్నును తానుగా చేపను పట్టలేదు. “నేను ఒక చిన్న కన్నును, నావలన ఏ చేప చచ్చినది?” అని ప్రతి కన్నును చెప్పవచ్చును. అయినను కన్నులన్నియు కలిసినప్పుడే అది వల యగును. చేప తప్పించుకొనలేకపోవును. ఇంటర్నెట్టునకు మన భాషలో అంతర్జాలము అని పేరు పెట్టిరి. జాలమనగా వలయే. అందులో మనము ఒక్కొక్కరము ఒక్కొక్క కన్ను. వ్రాసినవాడు వలను విసరినవాడు మాత్రమే. మనము లేనియెడల వాని చేతిలో నుండునది వట్టి త్రాడు.

ఇది ఎంత త్వరగా వ్యాపించునో లెక్కవేయుడి. ఒకడు అయిదుగురికి పంపెను. ఆ అయిదుగురిలో ఒక్కొక్కరు మరి అయిదుగురికి పంపిరి. రెండవ మెట్టున 25, మూడవ మెట్టున 125, నాలుగవ మెట్టున 625, అయిదవ మెట్టున 3,125, ఆరవ మెట్టున 15,625. ఒక పెద్ద గ్రామమంతయు ఆరు మెట్లలో నిండిపోవును. 2018లో, పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతి వాట్సాప్‌లో మన దేశమందు ప్రబలి, పలుచోట్ల గుంపులు నిర్దోషులను కొట్టి చంపెను. ఆ యేడు జూలైలో ఆ సంస్థవారే మన దేశమునందు ఒక సందేశమును ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసిరి. అనేక చేతులు మారి వచ్చిన సందేశమును ఒకసారికి ఒక్క చోటికే పంపగలుగునట్లు 2020 ఏప్రిలులో మరల బిగించిరి. ఆలోచించుడి. వ్యాపారము చేసికొనువారు సహితము కీడు వ్రాయువాని చేతిలోనే కాక పంపువాని చేతిలోను ఉన్నదని గ్రహించిరి. వాక్యము చదువు మనము గ్రహింపవలదా?

స్తెఫను మరణమును తలంచుకొనుడి. ఆ దినమున రాళ్లు రువ్వినవారి పేర్లు అపొస్తలుల కార్యములలో లేవు. రాయి వేయని ఒకని పేరు మాత్రము ఉన్నది. అతడు సౌలు అను యౌవనస్థుడు. రాళ్లు రువ్వువారు తమ పైవస్త్రములను అతని పాదముల యొద్ద పెట్టిరి. అతడు వాటికి కావలియుండెను. చేతికి మట్టియైనను అంటలేదు. అయినను స్తెఫను మరణమునకు అతడు సమ్మతించెనని గ్రంథము స్పష్టముగా చెప్పుచున్నది. ఏండ్లు గడచి, అతడు పౌలుగా మారి, సంఘములను స్థాపించి, శ్రమలనుభవించిన పిమ్మట కూడ ఆ దినమును మరువలేదు. యెరూషలేములో జనసమూహము ఎదుట నిలిచి తన సాక్ష్యము చెప్పుచు, ఆ బట్టలకు తాను కావలియున్న సంగతిని తానే ఒప్పుకొనెను. నేను రాయి వేయలేదని అతడు తప్పించుకొనలేదు. ప్రియ యౌవనస్థుడా, నీవు పెట్టిన ఆ నవ్వు బొమ్మ ఏమిటి? రాళ్లు రువ్వువాని బట్టలకు కావలి కాచుటయే గదా!

ముఖము దాచుకొని కొట్టువారిని గూర్చి కూడ మన ప్రభువునకు తెలియును. ప్రధాన యాజకుని యింట ఆ రాత్రి భటులు ఆయన కన్నులకు గంత కట్టి, కొట్టి, కొట్టినవాడెవడో ప్రవచించి చెప్పుమని ఆయనను అడిగిరి. చుట్టునున్నవారు చూచిరి. దొంగ ఖాతా వెనుకనుండి తిట్టువాడు చేయుచున్న ఆట అదియే. తన్ను కొట్టినదెవరో తెలియక, చూచిన ప్రతి ముఖమును అనుమానించుచు, రాత్రి నిద్రలేక వేదనపడుచున్న బిడ్డా, నీ వేదన ఆయన ఎరుగనిది కాదు. నీవున్న చోట ఆయన నీకు ముందుగానే కూర్చుండెను. కొట్టువాడా, నీవును వినుము. ఆ గంత ఆయన కన్నులను మూసెను గాని ఆయన చూపును ఆపలేదు.

ఇందుకు చట్టము లేదా యని కొందరు అడుగుదురు. ఉన్నది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 66ఇ సెక్షను ప్రకారము, ఒకరి దేహపు మరుగును వారి సమ్మతి లేక చిత్రము తీసినను, ప్రచురించినను, ఇతరులకు పంపినను మూడేండ్ల వరకు చెరసాల, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. పిల్లల అశ్లీల చిత్రములైతే 67బి సెక్షను క్రింద మొదటి నేరమునకే అయిదేండ్ల వరకు చెరసాలయు, పది లక్షల వరకు జరిమానాయు కలదు. ఈ రెండు సెక్షనులలోను పంపుట అను మాట యున్నదని గమనించుడి. నేను తీయలేదు, పంపితిని మాత్రమే అను సాకును లోకపు న్యాయస్థానము కూడ అంగీకరింపదు.

అయితే చట్టమునకు ఒక హద్దు కలదు. అదే చట్టములో బాధకలిగించు సందేశములను శిక్షించు 66ఎ అను సెక్షను ఉండెడిది. దాని మాటలు అస్పష్టముగా నుండి, న్యాయముగా మాటలాడువారిని కూడ పట్టుకొనునట్లున్నవని చెప్పి, సుప్రీము కోర్టు 2015 మార్చి 24న దానిని కొట్టివేసెను. ఆ తీర్పు మంచిదే. ఏలయనగా మనుష్యుల ప్రతి మాట మీదను పోలీసును కావలి యుంచిన దేశములో సత్యము చెప్పువాడే ముందుగా చెరసాలకు పోవును. కాని దాని అర్థమేమి? నల్లనిదానివని చేసిన హేళనకు, నత్తివాడని నవ్విన నవ్వునకు, చూచి ఊరకున్న మౌనమునకు, అన్నిటికిని సెక్షను లేదు, ఉండజాలదు. అచ్చట కావలికాయవలసినది మనస్సాక్షియే. ఆ మనస్సాక్షిని మేల్కొల్పుట యెట్లు?

తిట్టి మేల్కొల్పలేము. దావీదు పాపము చేసినప్పుడు నాతాను ప్రవక్త ఏమి చేసెను? రాజు ముఖము మీద నేరము మోపుచు ప్రారంభింపలేదు. ఒక కథ చెప్పెను. విస్తారమైన మందలుగల ధనవంతుడొకడు, తన బీద పొరుగువాడు బిడ్డవలె పెంచుకొనిన ఒకే ఒక గొఱ్ఱెపిల్లను పట్టుకొనిన కథ అది. రాజు విని మండిపడెను. అట్టివాడు చావదగినవాడని తీర్పు తీర్చెను. అప్పుడు ప్రవక్త ఆ మనుష్యుడవు నీవేయని తెలిపెను. తన తప్పునకు కన్నులు మూసుకొనినవాడు పరుని తప్పును చక్కగా చూచును. కథ ఆ చూపునే త్రిప్పి వాని మీదకు తెచ్చును.

కథకు ఇంత బలమున్నదని మన నెల్లూరు జిల్లావారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1990 తరువాత ఈ జిల్లాలో అక్షరదీపము అను పేరుతో వయోజనులకు చదువు నేర్పిరి. ఆ వాచకములో సారాను గూర్చిన సీతమ్మ కథ యొక పాఠముగా నుండెను. పగలంతయు కూలిచేసి రాత్రి లాంతరు వెలుగున అక్షరములు కూడబలుకుకొనుచున్న స్త్రీలు అందులో తమ బ్రదుకునే చదువుకొనిరి. కలిగిరి ప్రాంతమందలి దూబగుంటలో రోశమ్మగారును తోడి స్త్రీలును కలిసి నిలిచి తమ ఊరిలో సారా అమ్మకమును ఆపిరి. పిమ్మట వారి పోరాటమే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అను పాఠమై ఇతర గ్రామములకు చేరెను. ఆ పాఠము చదివిన ఊరూర స్త్రీలు లేచిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము కూడ వచ్చెను గాని 1997లో అది సడలిపోయెను. శాసనములు వచ్చును, పోవును. అయితే, ఇది నా తలవ్రాత, నేనేమి చేయగలను అనుకొనిన స్త్రీ, ఒక కథ చదివి, ఇది నేను ఆపదగినదే యని లేచి నిలిచిన ఆ ఘడియను ఏ శాసనమును వెనుకకు తీసికొనజాలదు. ఆ దినములలో మారినది త్రాగువాడు ముందుగా కాదు. చూచుచు ఊరకున్న ఊరు ముందుగా మారెను.

పిల్లల ఎగతాళిని గూర్చియు అట్టి కథ యొకటి కలదు. అమెరికా రచయిత్రి ఎలినార్ ఎస్టెస్ 1944లో ‘ద హండ్రెడ్ డ్రెసెస్’ అను చిన్న పుస్తకము వ్రాసెను. నూరు గౌనులు అని ఆ పేరునకు అర్థము. పోలండు దేశమునుండి వచ్చిన కుటుంబములోని వాండా అను తల్లిలేని పిల్ల ప్రతి దినమును వెలిసిపోయిన ఒకే గౌనుతో బడికి వచ్చును. తన యింట నూరు గౌనులున్నవని చెప్పును. పెగ్గీ అను కలవారి పిల్ల, నీకు గౌనులెన్ని యని దినదినము అడిగి నవ్వించును. పెగ్గీ స్నేహితురాలు మ్యాడీకి అది నచ్చదు. కాని ఆమెయు బీదదే. నోరు విప్పినయెడల నవ్వు తన మీదకు మళ్లునని ఊరకుండును. ఒక దినమున వాండా కుటుంబము ఊరు విడిచి పట్టణమునకు వెళ్లిపోవును. వాండా గీచిన నూరు గౌనుల బొమ్మలు బడి గోడల మీద మెరయుచుండగా, బిడ్డను హేళన చేసినందున వెళ్లిపోవుచున్నామని తండ్రి వ్రాసిన ఉత్తరము తరగతిలో చదువబడును. ఇద్దరు పిల్లలును పరుగెత్తి వెళ్లునప్పటికి ఆ యిల్లు ఖాళీ. తరువాత వాండా ఉత్తరము వ్రాసి ఆ బొమ్మలను వారికే యిచ్చివేయును. తనకు వచ్చిన బొమ్మలోని ముఖము తనదేయని మ్యాడీ కనుగొనును.

ఎనుబది యేండ్ల క్రిందటి కథ యిది. అందులో ఫోను లేదు. అయినను నేటి మన సంకటమంతయు అందులో కలదు. రచయిత్రి ఆ కథను ముఖ్యముగా మ్యాడీ మనస్సులోనుండి చెప్పెనని గమనించుడి. హేళన చేయు క్రూరులు ఏ తరగతిలోనైనను కొద్దిమందియే. బాధపడువారును కొద్దిమందియే. చూచి ఊరకుండువారే అనేకులు. ఆ యనేకులలో ఇద్దరు ముగ్గురు మేల్కొనినను వల తెగును. ఫిన్లాండు దేశములో తుర్కు విశ్వవిద్యాలయమువారు కూర్చిన కివా అను పద్ధతి 2009 నుండి ఆ దేశపు బడులలో వ్యాపించెను. చూచుచున్న పిల్లలు బాధపడుచున్న పిల్ల పక్షమున నిలుచునట్లు నేర్పుటయే అందులో ముఖ్యమైన సంగతి. నవ్వువారు లేని చోట నవ్వించువాడు ఎంతసేపు ఆడును?

అయితే మేల్కొనినవాడు చేయవలసినదేమి? దానికి నోవహు కుమారుల కథయందు జవాబు కలదు. నోవహు ద్రాక్షారసము త్రాగి మత్తుడై గుడారములో వస్త్రహీనుడై పడియుండెను. హాము చూచెను. వెలుపలికి వచ్చి తన యిద్దరు సహోదరులకు తెలిపెను. అంతే. తండ్రికి త్రాగించినది అతడు కాదు. బట్ట తీసినదియు అతడు కాదు. అతడు చెప్పినది అబద్ధమును కాదు. చూచుట, చెప్పుట, ఈ రెండే అతడు చేసినవి. నేటి మాటలో చెప్పవలెనన్న, వచ్చినదానిని పంపెను. షేము, యాపెతు అనువారు ఏమి చేసిరి? ఒక వస్త్రము భుజముల మీద వేసికొని, వెనుకకు నడిచి వెళ్లి, ముఖములు త్రిప్పుకొని, చూడకయే తండ్రిని కప్పిరి.

ఉన్నదే గదా చెప్పితిమి, నిజమే గదా పంపితిమి అనువారు ఈ చోట నిలిచి ఆలోచింపవలెను. నిజమైన ప్రతిదియు పంపదగినది కాదు. చూడగలిగిన ప్రతిదియు చూడదగినది కాదు. ఫోను తెరచి ఒకరి అవమానము కనబడినప్పుడు వెనుకకు నడచుట నేర్చుకొనుడి. తెరువకుడి. తెరచిన పిమ్మట తెలిసినయెడల మూసివేయుడి. ఎవరు పంపిరో వారితో, ఇది నాకు పంపకుము, నీవును తీసివేయుము అని చెప్పుడి. అటుపిమ్మట ఆ అవమానము పొందిన బిడ్డ యొద్దకు పోయి ప్రక్కన కూర్చుండుడి. అదియే భుజము మీది వస్త్రము.

ఇచ్చట ఒక హెచ్చరిక. అవమానము పొందినవారిని కప్పుట వేరు, అవమానపరచినవాని నేరమును కప్పుట వేరు. సంఘము పేరు పోవునని, పెద్దింటి పిల్లవాడని, పెండ్లికెదిగిన పిల్ల యని చెప్పి, గాయపడిన బిడ్డ నోరు మూయించి, గాయపరచినవానిని ముందు బల్ల మీద కూర్చుండబెట్టు పెద్దలు షేము, యాపెతుల వారసులు కారు. వారు వస్త్రమును తప్పుడు మనుష్యుని మీద కప్పినవారు.

సంఘమును గూర్చి మరియొక మాట చెప్పక తప్పదు. మన విశ్వాసుల గ్రూపులలో, ప్రార్థింపుడి అను మాట తగిలించి, ఫలాని యింటి కుమార్తెను గూర్చిన వార్తలు పంపబడుచున్నవి. ప్రార్థన కొరకైతే పేరేల? ఊరేల? ఫోటో ఏల? దేవునికి ఆమె పేరు తెలియదా? మోకాళ్లూనని ప్రార్థన విన్నపము వట్టి చాడీయే.

మనము ఎవరి సంతానమో మరువవద్దు. 1840లో శామ్యూల్ డే దొరగారు నెల్లూరునకు వచ్చి సేవ ఆరంభించిన తరువాత తరములలో, ఈ ప్రాంతమున సువార్తను హత్తుకొనిన కుటుంబములలో అనేకులు ఊరి వెలుపల నుంచబడినవారు. బావి చేరనీయబడనివారు, చెప్పులు చేతపట్టుకొని నడచినవారు, సరియైన పేరుతో పిలువబడనివారు. పదిమంది నడుమ నవ్వులపాలగుట యెట్టిదో మన తాత, అవ్వలు ఎరుగుదురు. నీకు పేరున్నది, నీవు దేవుని బిడ్డవు అని చెప్పిన సువార్తను వారు ఏడ్చుచు అంగీకరించిరి. వారి మనుమలు ఫోను చేతబట్టుకొని మరియొక బిడ్డ పేరును చెరుపుట తగునా?

తలిదండ్రులారా, మీ బిడ్డ ఉన్నట్టుండి బడికి పోననుచున్నను, ఫోను మ్రోగగానే ఉలికిపడుచున్నను, అన్నము ముట్టకున్నను, తిట్టకుడి. నీవేమి చేసితివి అని మొదట అడుగకుడి. ఏమి జరిగినదమ్మా అని అడుగుడి. ఫోను లాగికొందురను భయముచేతనే అనేకమంది పిల్లలు చెప్పక దాచుకొందురు. తిట్టినవారికి ఎదురు తిట్లు వ్రాయనీయకుడి. వచ్చిన బెదిరింపు మాటలను, పంపిన నంబరును, తేదీని చెరిపివేయక ఉంచుడి. సాక్ష్యమను పేరిట కూడ ఆ ఫోటోలను ఇతరులకు పంపకుడి. పోలీసు ఠాణాలో గాని, కేంద్ర ప్రభుత్వపు సైబరు నేరముల వెబ్‌సైటులో గాని ఫిర్యాదు చేయవచ్చును. పిల్లల సహాయమునకు 1098 అను నంబరును, మనస్సు క్రుంగినవారితో మాటలాడుటకు 14416 అను నంబరును రాత్రింబగళ్లు పనిచేయుచున్నవి. సహాయమడుగుట విశ్వాసహీనత కాదు. సమరయుడు గాయములు కట్టి, పూటకూళ్లవానికి అప్పగించి, ఖర్చు కూడ పెట్టెను గదా.

గాయపడిన బిడ్డా, వారు నిన్ను గూర్చి వ్రాసినది నీ పేరు కాదు. నీ పేరు వ్రాయబడిన గ్రంథము వేరొకటి కలదు. దానిని ఏ చేయియు చెరుపలేదు. బ్రదుకు వలదను తలంపు వచ్చినయెడల ఒంటరిగా నుండకుము. ఆ రాత్రియే ఎవరినైనను లేపుము. లేపబడినందుకు తల్లి కోపపడదు.

పంపిన యౌవనస్థుడా, నీకును త్రోవ మూయబడలేదు. జక్కయ్య తాను అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు మరల చెల్లింతునని నిలుచుండి చెప్పెను. నీవు ఏ గ్రూపులో హేళన పెట్టితివో ఆ గ్రూపులోనే, నేను చేసినది తప్పు, దానిని తీసివేయుడి అని వ్రాయుము. పిమ్మట ఆ బిడ్డను, ఆమె తలిదండ్రులను క్షమాపణ వేడుకొనుము. సిగ్గగును. ఆ సిగ్గు నీకు ఆరోగ్యకరము. బట్టలకు కావలికాసిన సౌలునే ప్రభువు పిలిచి పనికి పెట్టుకొనెను.

కాపరులారా, సండేస్కూలు ఉపాధ్యాయులారా, మన పిల్లలకు ఫోనును గూర్చిన నిషేధములు మాత్రమే చెప్పక, నాతాను వలె కథలు చెప్పుడి. సౌలు కథ, షేము, యాపెతుల కథ, గంత కట్టబడిన ప్రభువు కథ చెప్పుడి. చెప్పి, ఇందులో నీవు ఎవడవు అని అడుగుడి. జవాబు మీరు చెప్పకుడి. వారినే వెదకుకొననీయుడి.

ప్రభువు మన నోటికి కావలియుంచినట్లే మన వ్రేళ్లకును కావలియుంచును గాక. ఈ రాత్రి మన ఫోనులోనికి ఒకరి అవమానము వచ్చునేని, అది మన యొద్దనే ఆగిపోవును గాక. ఆమేన్.